భయపడి మానేసిన పనులను మళ్లీ చేస్తూ దీర్ఘకాలిక నొప్పి నుంచి బయటపడడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెలల తరబడి, ఏళ్ల తరబడి నొప్పితో ఉంటూ, పరీక్షల్లో పెద్దగా ఏమీ తేలక, నొప్పికి భయపడి ఒక్కొక్క పనినీ మానేసుకుంటూ వచ్చినవాళ్లు ఆ పనులను మళ్లీ మొదలుపెట్టబోయే ముందు అడిగే సందేహాలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. వాటికి విడివిడిగా జవాబులు రాస్తూ వచ్చిన తర్వాత అన్నిటినీ ఒకచోట చేర్చడం మేలనిపించింది. నేను వైద్యురాలిని కాను. ఆరేళ్లపాటు నడుం నొప్పితో, వంగడానికీ కింద కూర్చోవడానికీ బరువెత్తడానికీ భయపడుతూ బతికి, ఈ దారిలో బయటపడినదాన్ని. ఏ జవాబును ఆ జవాబుగా చదువుకునేలా రాశాను కాబట్టి మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడి నుంచే మొదలుపెట్టండి.

## మొదలుపెట్టే ముందు

నాది మనసుకు సంబంధించిన నొప్పి అంటున్నారు. అంటే నేను ఊహించుకుంటున్నాననా?

కాదు. మీ నొప్పి నూటికి నూరుపాళ్లూ నిజం. సిగ్గుపడితే ముఖం ఎర్రబడుతుంది, భయపడితే గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి. ఇవి మనసులో మొదలై శరీరంలో నిజంగానే జరుగుతాయి, వీటిని నటన అని ఎవరూ అనరు. మనోదైహిక నొప్పి కూడా అటువంటిదే. దాన్ని నడిపిస్తున్నది కండరంలోనో ఎముకలోనో మిగిలిపోయిన గాయం కాదు, అతి జాగ్రత్తకు అలవాటుపడిన నాడీ వ్యవస్థ. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2017లో ఈ తరహా నొప్పికి "నోసీప్లాస్టిక్" అనే పేరును ఆమోదించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో "దీర్ఘకాలిక ప్రాథమిక నొప్పి" ఒక స్వతంత్ర రుగ్మతగా చేరింది. "మీకేమీ లేదు, అంతా మీ మనసులోనే ఉంది" అనే మాట విని తలవంచుకుని ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ సంగతి తెలియాలని నా కోరిక.

దెబ్బ లేకుండా నొప్పి ఎలా వస్తుంది?

నొప్పి గాయాన్ని కొలిచే కొలబద్ద అయితే, గాయం ఎంతో నొప్పి అంతే ఉండాలి. వాస్తవంలో అలా జరగదు. 1995లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన ఉదంతం ఇది: 29 ఏళ్ల భవన నిర్మాణ కార్మికుడు పైనుంచి దూకినప్పుడు 15 సెంటీమీటర్ల మేకు అతని బూటును చీల్చుకుని పైకి వచ్చింది. మేకు కాస్త కదిలినా అతను విలవిలలాడిపోవడంతో బలమైన మత్తుమందులు ఇవ్వవలసి వచ్చింది. తీరా బూటు విప్పి చూస్తే మేకు కాలివేళ్ల సందులోంచి దూసుకుపోయింది, పాదానికి గీత కూడా పడలేదు. దీనికి పూర్తిగా భిన్నమైనది రెండవ ప్రపంచ యుద్ధంలో వైద్యుడు హెన్రీ బీచర్ గమనించిన విషయం. తీవ్రంగా గాయపడిన సైనికుల్లో చాలామంది నొప్పి మందు కావాలా అని అడిగితే వద్దన్నారు.

ఈ రెండింటిలోనూ తేడా తెచ్చింది గాయం పరిమాణం కాదు, మెదడు ఆ పరిస్థితిని చదువుకున్న తీరు. ఒకరి మెదడు పాదం పోయిందనుకుంది. మరొకరి మెదడు ప్రాణం దక్కిందనుకుంది. నొప్పి అనేది ఒక హెచ్చరిక గంట. అది చాలాసార్లు సరిగానే మోగుతుంది, కొన్నిసార్లు నిప్పు ఆరిపోయిన చాలాకాలం తర్వాత కూడా మోగుతూనే ఉంటుంది.

నా ఎమ్మారైలో డిస్క్ అరిగిందనీ, ఉబ్బిందనీ వచ్చింది. మరి అదంతా అబద్ధమా?

అబద్ధం కాదు, కానీ మీ నొప్పికి అదే కారణమని ఆ చిత్రం ఒక్కటే రుజువు చేయలేదు. 2015లో ప్రచురితమైన ఒక సమీక్ష, ఏ నడుం నొప్పీ లేని 3,110 మంది స్కానింగ్ ఫలితాలను ఒకచోట చేర్చి చూసింది. 20 ఏళ్ల వయసువారిలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల, 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించాయి; 80 ఏళ్లవారిలో ఆ అంకెలు 96, 84 శాతానికి చేరాయి. వీళ్లెవరికీ నొప్పి లేదని మరోసారి గుర్తుచేసుకోండి. జుట్టు నెరిసినట్టే, చర్మం ముడతలు పడినట్టే వెన్నెముక కూడా వయసుతో మారుతుంది. డిస్క్ జారినప్పుడు కూడా ఆ భాగం చాలామందిలో కొన్ని నెలల్లో దానంతట అదే కుంచించుకుపోతుంది.

అయితే మీ రిపోర్టును మీకు మీరే కొట్టిపారేయకండి. కాలిలో బలం తగ్గడం, స్పర్శ పోవడం వంటివి ఉన్నాయా లేదా అని పరీక్షించి, చిత్రానికీ లక్షణాలకూ పొంతన ఉందో లేదో చెప్పవలసినది వైద్యులు.

నాది ఈ రకం నొప్పేనని ఎలా తెలుసుకోవాలి?

ఒక్క లక్షణంతో తేలదు, కానీ కొన్ని కలిసి కనిపిస్తే అనుమానించవచ్చు. ఏ దెబ్బా తగలకుండానే జీవితంలో గట్టి ఒత్తిడి ఉన్న రోజుల్లో నొప్పి మొదలైందా? దెబ్బ తగిలినా, అది మానవలసిన గడువు దాటిపోయాక కూడా నొప్పి ఉండిపోయిందా? ఒక రోజు నడుములో, మరో రోజు మెడలో, ఇంకో రోజు మోకాలిలో కనిపిస్తోందా? అదే కుర్చీలో ఆఫీసులో అరగంట కూర్చోలేనివారు ఇష్టమైన సినిమా చూస్తూ మూడు గంటలు కూర్చోగలుగుతున్నారా? బరువెత్తాలని తలచుకోగానే, ఇంకా చెయ్యి చాచకముందే నొప్పి లేస్తోందా? ఇటువంటి సంఘటనలను రెండు వారాలపాటు తేదీలతో సహా ఒక పుస్తకంలో రాసుకోండి. గాయమే కారణమైతే నొప్పి మనుషులను, సమయాన్ని, మూడ్‌ను బట్టి సాధారణంగా ఇంతగా మారదు. నా పుస్తకంలో నన్ను నిలబెట్టేసిన వాక్యం ఇది: "సెలవు రోజు ఉదయం పదకొండు దాకా నొప్పి గుర్తే రాలేదు."

డాక్టరు దగ్గరికి వెళ్లకుండా మొదలుపెట్టవచ్చా?

వద్దు. ముందు ఒకసారి సక్రమంగా పరీక్ష చేయించుకోవడం ఈ పద్ధతిలో భాగమే, ఎందుకంటే "ఇది ప్రమాదకరం కాదు" అని మీకు మీరు చెప్పుకోబోయే మాటకు పునాది ఆ పరీక్షే. మల, మూత్రాలపై పట్టు తప్పడం లేదా మూత్రం ఆగిపోవడం, తొడల మధ్య భాగం మొద్దుబారడం, కాలో చెయ్యో రోజురోజుకీ బలహీనపడడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతో కూడిన వెన్ను నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండడం, పడిపోవడం లేదా ప్రమాదం తర్వాత మొదలైన నొప్పి, ఎముకలు బోలుగా మారిన స్థితి, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతూ ఉండడం, ఛాతీ నొప్పి వంటివి ఉన్నప్పుడు కూడా వైద్యుల మాట విన్న తర్వాతే మరే ఆలోచనైనా చేయాలి.

ఇది ఎవరికి తగదు?

ఎముక విరిగినవారికి, కొత్తగా శస్త్రచికిత్స జరిగినవారికి, కీళ్లవాపు జబ్బులు అదుపులో లేనివారికి ఇది మొదటి మార్గం కాదు. మరొక ముఖ్యమైన మినహాయింపు ఉంది. ఎమ్ఈ లేదా క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనే జబ్బులో కొద్దిపాటి శ్రమకే మరునాడో ఆ మరునాడో శరీరం పూర్తిగా కుప్పకూలి, రోజులు, వారాలు కోలుకోలేని స్థితి వస్తుంది. అటువంటివారికి శ్రమను మెట్లవారీగా పెంచుకుంటూ పోయే చికిత్స ఇవ్వవద్దని బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్ 2021లో స్పష్టంగా చెప్పింది. నొప్పి కంటే ఈ కుప్పకూలడమే మీ ప్రధాన సమస్య అయితే, ధైర్యం చేసి ముందుకు తోసుకుపోకండి.

దీనికి శాస్త్రీయ ఆధారం ఉందా, లేక ఎవరో చెప్పిన మాటా?

ఆధారం ఉంది, దాని హద్దులు కూడా తెలుసుకోవడం మంచిది. న్యూయార్క్ వైద్యుడు జాన్ సార్నో వెన్నునొప్పిలో ఎక్కువ భాగం భావోద్వేగాల ఒత్తిడి వల్లనేననీ, రోగులు భయం వదిలి శారీరక పనులన్నీ తిరిగి మొదలుపెట్టాలనీ దశాబ్దాలపాటు చెప్పారు. ఆ ఒత్తిడి వల్ల కండరాలకు ప్రాణవాయువు తగ్గి నొప్పి పుడుతుందన్న ఆయన వివరణకు రుజువులు బలంగా లేవు, కానీ పనులను తిరిగి మొదలుపెట్టమన్న సలహాకు వేరే దారిలో మద్దతు వచ్చింది. మనస్తత్వవేత్త యోహాన్ వ్లేయన్, ఆయన సహచరులు భయపడే కదలికలను క్రమంగా చేయించే చికిత్సను 2000 ప్రాంతం నుంచి పరీక్షిస్తూ వచ్చారు. అందులో భయమూ, రోజువారీ పనుల్లో ఇబ్బందీ తగ్గడం నొప్పి తీవ్రత తగ్గడం కంటే స్పష్టంగా కనిపిస్తుంది.

2021లో అమెరికాలో వెలువడిన ఒక ప్రయోగం 151 మందితో జరిగింది. వారికి సగటున పదేళ్లుగా నడుం నొప్పి ఉంది. నొప్పి ప్రమాదకరం కాదని మెదడుకు తిరిగి నేర్పే నాలుగు వారాల చికిత్స తర్వాత 66 శాతం మందికి నొప్పి పూర్తిగానో దాదాపుగానో పోయింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ పొందినవారిలో అది 20 శాతం, మామూలు వైద్యంలో ఉన్నవారిలో 10 శాతం. అయితే వారిలో ఎక్కువమందికి నొప్పి తీవ్రత మధ్యస్థమే, చికిత్స కూడా ఒకే కేంద్రంలో శిక్షణ పొందినవారు ఇచ్చారు. కాబట్టి ఇది ఆశ పెట్టుకోదగిన మార్గం, అందరికీ ఖాయమైన మార్గం కాదు.

## భయాన్ని గుర్తించడం

భయపడితే నొప్పి ఎందుకు పెరగాలి?

ఒకసారి వంగినప్పుడు నడుం పట్టేసిందనుకోండి. వంగడం ప్రమాదమని మెదడు రాసుకుంటుంది. ఆ తర్వాత వంగడం మానేస్తారు. మానేసినంత కాలం వంగితే ఏమీ కాదని తెలుసుకునే అవకాశం మెదడుకు దొరకదు. వంగక తప్పని రోజున కండరాలు ముందుగానే బిగుసుకుంటాయి, ధ్యాస అంతా నడుం మీదే ఉంటుంది, చిన్న చురుక్కు కూడా పెద్దగా వినిపిస్తుంది. "చూశావా, నిజంగానే ప్రమాదం" అని పాత రాత మరింత గట్టిపడుతుంది. ఇలా కొన్నేళ్లు గడిస్తే కండరాల సత్తువ తగ్గుతుంది, లోకం కుంచించుకుపోతుంది, నొప్పి తప్ప ఆలోచించడానికి మరొకటి ఉండదు. ఈ వలయాన్ని పరిశోధకులు 1980ల నుంచీ వివరిస్తూ వచ్చారు. వలయాన్ని తెంచడానికి మన చేతిలో ఉన్న ఒకే ఒక చోటు, మానేసిన పని.

నాకు భయమేమీ లేదు, జాగ్రత్తగా ఉంటానంతే. అది కూడా తప్పేనా?

తప్పని కాదు, కానీ మన జాగ్రత్త ఎంత లోతుకు వెళ్లిందో మనకే తెలియదు. నేల మీద పడిన కలాన్ని నేను ఎలా తీసేదాన్నో ఒకరోజు గమనించుకున్నాను. ముందు ఒక్క క్షణం ఆగాను. ఎడమచెయ్యి బల్ల అంచును పట్టుకుంది. ఊపిరి బిగబట్టాను. వీపును కర్రలా నిటారుగా ఉంచి మోకాళ్లు మాత్రమే వంచాను. కలం వేళ్లకు అందగానే పళ్లు బిగించి లేచాను. లేచాక నడుం మీద చెయ్యి వేసి ఏమైనా అయిందా అని తడిమి చూసుకున్నాను. కొన్ని గ్రాముల బరువున్న కలానికి ఇంత తతంగం జరిగింది, అదీ నాకు తెలియకుండా, రోజుకు పదిసార్లు. ప్రతిసారీ నా మెదడుకు అందిన సందేశం "ఇది గండం, ఈసారికి తప్పించుకున్నాం" అనే.

మీ జాగ్రత్త భయమా కాదా అని తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు: ఆ జాగ్రత్త తీసుకోకపోతే ఏమవుతుందని మీరు అనుకుంటున్నారు? జవాబులో "విరిగిపోతుంది", "జారిపోతుంది", "మంచాన పడతాను" వంటి మాటలుంటే అది భయమే.

నడుం బెల్టు, దిండు, ప్రత్యేకమైన కుర్చీ... ఇవన్నీ మానేయాలా?

వైద్యులు ఒక నిర్దిష్ట కారణంతో నిర్దిష్ట కాలానికి ఇచ్చినవాటిని వారిని అడిగే మానాలి. "ఎందుకైనా మంచిది" అని మీరే చేర్చుకున్నవాటిని మాత్రం ఒక్కొక్కటిగా వదలాలి. బెల్టు పెట్టుకుని బకెట్ ఎత్తి, ఏమీ కాకపోతే ఆ మంచి పేరు బెల్టుకు వెళుతుంది, నడుముకు రాదు. మొదటి ప్రయత్నాలకు ఆసరా ఉంచుకోవడంలో తప్పు లేదు. అదే పనిని ఆసరా లేకుండా చేసే రోజు కూడా, మీరు మళ్లీ మొదలుపెట్టాలని రాసుకునే పనుల పట్టికలో ఉండాలి. పని మొదలుపెట్టే ముందు భయంతో వేసుకునే నొప్పి మాత్ర కూడా ఇటువంటి ఆసరాయే. రోజూ వాడే మందులను మాత్రం వైద్యుల సలహా లేకుండా హఠాత్తుగా ఆపకండి.

## పని మొదలుపెట్టడం

ఏ పనితో మొదలుపెట్టాలి?

భయంతో మానేసిన పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదానికి సున్నా నుంచి వంద వరకు భయం మార్కులు వేయండి. నొప్పి మార్కులు కాదు, "ఇది చేస్తే శరీరానికి ఎంత హాని" అనిపించే మార్కులు. ఈ తేడా చాలా ముఖ్యం, ఎందుకంటే కొన్ని పనులు బాగా నొప్పి పెట్టినా భయం కలిగించవు, కొన్ని పెద్దగా నొప్పి పెట్టకపోయినా వణికిస్తాయి. 30, 40 మార్కుల మధ్య ఉన్నదానితో మొదలుపెట్టండి. మరీ సులువైన దానిలో మెదడు నేర్చుకునేదేమీ ఉండదు. 90 మార్కుల పనితో మొదలుపెడితే మధ్యలో వెనుదిరిగి మరింత భయపడే అవకాశం ఎక్కువ. మీకు నిజంగా కావలసిన పనులే రాయండి: బిడ్డను ఎత్తుకోవడం, నేల మీద కూర్చోవడం, బస్సులో దూర ప్రయాణం, మెట్లెక్కడం. ఎవరో చెప్పిన ఆసనం కోసం ఎవరూ నెలల తరబడి ధైర్యం చేయరు.

ఒక ప్రయత్నాన్ని మొదటి నుంచి చివరిదాకా ఎలా చేయాలో చెప్పగలరా?

నేను చేసిన ఒకటి చెబుతాను. పని: నీళ్ల బకెట్‌ను నేల మీద నుంచి ఎత్తి పది అడుగులు మోసుకెళ్లడం. ముందు నా జోస్యాన్ని రాసుకున్నాను: "ఎత్తగానే నడుం పట్టేస్తుంది, రెండు రోజులు మంచం దిగలేను. నమ్మకం 80 శాతం." ఇంత స్పష్టంగా రాయడం అవసరం, "ఏదో అవుతుంది" అని రాస్తే తర్వాత సరిచూడడం కుదరదు. బకెట్‌లో ఐదు లీటర్లు, అంటే ఐదు కిలోలు పోశాను. బెల్టు తీసేశాను. ఊపిరి బిగబట్టకుండా, వీపును ప్రత్యేకంగా నిటారుగా పెట్టకుండా, నడుం వంచి మామూలుగా ఎత్తాను. నడుములో చురుక్కుమంది. ఆగకుండా, పరుగెత్తకుండా పది అడుగులు నడిచి దించాను. చెయ్యి నడుం మీదికి పోబోతే వెనక్కి తీసుకున్నాను.

తర్వాత రాసుకున్నది ఇది: "పట్టేయలేదు. చురుక్కు పది నిమిషాలు ఉంది. మంచం ఎక్కలేదు. ఇప్పుడు నమ్మకం 55 శాతం." కాసేపాగి మళ్లీ ఎత్తాను. ఆ వారంలో అదే బకెట్‌ను పొద్దున, రాత్రి, అలసిపోయి ఉన్నప్పుడు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఎత్తాను. నమ్మకం 15 శాతానికి దిగాక ఎనిమిది లీటర్లు పోశాను.

ఎంతసేపు, ఎన్నిసార్లు చేయాలి?

నొప్పిని బట్టి కాకుండా, ముందుగా అనుకున్న లెక్కను బట్టి చేయాలి. 1970లలో మనస్తత్వవేత్త విల్బర్ట్ ఫోర్డైస్ నొప్పి రోగులతో పనిచేస్తూ నేర్పిన సూత్రం ఇదే. "నొప్పి వచ్చేదాకా నడుస్తాను" అనుకుంటే నొప్పే మీ యజమాని అవుతుంది. "పన్నెండు నిమిషాలు నడుస్తాను" అనుకుంటే, బాగున్న రోజు కూడా పన్నెండు దగ్గర ఆగుతారు, బాగాలేని రోజు కూడా పన్నెండు పూర్తి చేస్తారు. బాగున్న రోజు ఆగడమే కష్టం. కాస్త తేలికగా ఉందని ఆ ఒక్కరోజే ఇల్లంతా సర్ది, తర్వాత మూడు రోజులు పడుకునే తీరు నొప్పి ఉన్నవారిలో చాలా మామూలు. వారంలో ఐదారు రోజులు చిన్న ప్రయత్నాలు జరగడం, నెలకొక పెద్ద సాహసం కంటే ఎంతో మేలు.

చేస్తున్నప్పుడు మనసులో ఏమని చెప్పుకోవాలి?

తక్కువ మాటలు, నిజమైన మాటలు. "ఇది నొప్పి, దెబ్బ కాదు. నా వెన్ను వంగడానికే ఉంది." అంతే చాలు. నొప్పి లేదని చెప్పుకోవద్దు, ఉన్నది మీకు తెలుస్తూనే ఉంటుంది. నొప్పి వచ్చిన చోటును శత్రువును చూసినట్టు కాకుండా కాస్త కుతూహలంతో చూడండి: అది వేడిగా ఉందా, గుచ్చుతోందా, కదులుతోందా, ఎంత వెడల్పు ఉంది? ఇలా చూడడం తెలిసిన తర్వాత చుట్టూ ఉన్న శబ్దాల మీదికి, చేస్తున్న పని మీదికి ధ్యాస దానంతట అదే మళ్లుతుంది.

నేను రోజూ వ్యాయామం చేస్తూనే ఉన్నాను. మరి నా నొప్పి ఎందుకు తగ్గలేదు?

వ్యాయామం, భయాన్ని ఎదుర్కోవడం రెండూ ఒకటి కావు. భయపడని పది వ్యాయామాలు రోజూ చేస్తూ, భయపడే ఒక్క కదలికను తప్పించుకుంటూ ఉండవచ్చు. "నడుం బలహీనంగా ఉంది కాబట్టి చేస్తున్నాను" అనుకుంటూ చేసే వ్యాయామం, నడుం బలహీనమనే నమ్మకాన్నే రోజూ నీళ్లుపోసి పెంచుతుంది. వ్యాయామం మానమని చెప్పడం లేదు, దాని వల్ల ఆరోగ్యానికి మేలే. కానీ దానికి తోడు, మీరు తప్పించుకుంటున్న ఆ ఒక్క కదలిక ఏదో వెతకండి.

## నొప్పి పెరిగినప్పుడు

చేస్తుంటే నొప్పి లేచింది. వెంటనే ఆపేయాలా?

అలవాటైన పాత నొప్పే అయితే ఆపకండి, వేగం తగ్గించండి. ఊపిరి వదలండి, బిగిసిన భుజాలను జారవిడవండి, అనుకున్న లెక్క వరకు కొనసాగించండి. నొప్పి లేవగానే ఆపితే, ఆపినందుకే బతికిపోయామని మెదడు నేర్చుకుంటుంది. అలాగని పళ్లు బిగించి యుద్ధం చేయడం కూడా పనికిరాదు. అది కూడా ప్రమాద సంకేతమే. నొప్పి భరించలేనంతగా ఉంటే పనిని చిన్నదిగా చేయండి, సున్నా చేయవద్దు: ఐదు లీటర్లు రెండు లీటర్లు కావచ్చు, పన్నెండు నిమిషాలు నాలుగు కావచ్చు. ఎన్నడూ లేని కొత్త లక్షణం, ఉదాహరణకు కాలిలో బలం పోవడం, స్పర్శ తప్పడం, ఛాతీలో నొక్కినట్టు ఉండడం వస్తే మాత్రం ఆపి వైద్యులను కలవండి.

నిన్న ధైర్యంగా చేశాను, ఈ రోజు లేవలేకపోతున్నాను. నాకు నేనే హాని చేసుకున్నానా?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా అడిగినవారి గొంతులోని భయం నాకు వినిపిస్తుంది, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే వదిలేస్తారు. రెండు విషయాలు జరిగి ఉండవచ్చు. మొదటిది మామూలు కండరాల నొప్పి. చాలాకాలం వాడని కండరాన్ని వాడితే ఒకటి నుంచి మూడు రోజులు పులిసినట్టు ఉంటుంది. ఏ నొప్పీ లేనివారికైనా అంతే. రెండవది, కాపలా కాస్తున్న నాడీ వ్యవస్థ తన పాత గంటను మరింత గట్టిగా మోగించడం. కొత్తగా ఒక హద్దు దాటినప్పుడు ఇది తరచుగా జరుగుతుంది. ఐదు కిలోల బకెట్ మోయడం వల్ల ఆరోగ్యంగా ఉన్న వెన్నెముక దెబ్బతినదు.

ఆ రోజు చేయవలసింది: పూర్తిగా పడుకోకుండా మామూలు చిన్న పనులు చేసుకోవడం, కావాలంటే వేడి కాపడం పెట్టుకోవడం, కొత్త స్కానింగ్ కోసం పరుగెత్తకుండా ఉండడం, మరో రెండు రోజుల్లో అదే పనిని తక్కువ మోతాదులో మళ్లీ చేయడం. భయంతో నెల రోజులు వాయిదా వేస్తే ఆ పని మీద భయం మళ్లీ పైకి ఎగబాకుతుంది.

నడుం నొప్పి తగ్గింది కానీ ఇప్పుడు మెడ నొప్పి మొదలైంది. ఇదేమిటి?

ఇది చాలామందికి జరుగుతుంది. నిజమైన గాయం ఊరు మారదు. నొప్పి అనే హెచ్చరిక గంట మాత్రం గది మార్చి మోగగలదు. కొత్త చోటును ఒకసారి వైద్యులకు చూపించి, ప్రమాదం లేదని తేలాక పాత చోటుతో ఎలా వ్యవహరించారో అలాగే వ్యవహరించండి.

అన్నీ చేస్తున్నాను. భయపడే పనులన్నీ చేసేశాను. అయినా నొప్పి పోవడం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ముందుగా, ఇందులో మీ తప్పు ఉండనవసరం లేదు; కొందరికి నొప్పి చాలా నెమ్మదిగా తగ్గుతుంది, కొందరికి పూర్తిగా పోదు. ఆ మాట చెప్పాక, మీరు గమనించదగిన సంగతి ఒకటుంది. ప్రతి ప్రయత్నం తర్వాత నొప్పి తగ్గిందా లేదా అని కొలుస్తున్నారా? అలా కొలుస్తున్నంతసేపూ పని ఒక పరీక్షగానే ఉంటుంది, నొప్పి ఇంకా ఇంటి పెద్దగానే ఉంటుంది. నేను ఎనిమిది నెలలు ఇక్కడే చిక్కుకున్నాను. అన్నీ చేసేదాన్ని, కానీ ప్రతిదీ నొప్పిని వదిలించుకోవడానికే చేసేదాన్ని. ఒక సాయంత్రం పిల్లలతో నేల మీద కూర్చుని ఆడుతూ గంటన్నర గడిచాక, నేను ఒక్కసారి కూడా నడుమును పట్టించుకోలేదని తెలిసింది. నొప్పి ఉందో లేదో కూడా నాకు గుర్తు లేదు. అప్పటి నుంచి నా పుస్తకంలో నొప్పి మార్కుల గడిని తీసేసి, "ఈ రోజు ఏం చేశాను" అనే గడిని మాత్రం ఉంచాను.

కోపం, దుఃఖం వంటివాటికి నొప్పితో సంబంధం ఉందా? వాటినీ తవ్వాలా?

కొందరిలో గట్టి సంబంధం ఉంటుంది. చెప్పలేని కోపం, ముగియని దుఃఖం, ఇంట్లోనో పనిలోనో నిత్యం ఉండే భయం నాడీ వ్యవస్థను మేల్కొలిపే ఉంచుతాయి. అటువంటి వ్యవస్థకు బకెట్ కూడా ముప్పుగానే కనిపిస్తుంది. కానీ బాల్యం అంతా తవ్వి తీస్తే తప్ప నయం కాదనుకోవడం మరొక రకం వాయిదా. నొప్పి పెరిగిన రోజున "నిన్నటి నుంచి నన్ను కలవరపెట్టినది ఏమిటి" అని ఒక పేజీ రాసుకోవడం చాలామందికి సరిపోతుంది. హింస, లైంగిక దాడి, తీవ్రమైన నష్టం వంటి అనుభవాలు ఉన్నవారు, చనిపోవాలనిపిస్తున్నవారు ఈ పనిని ఒంటరిగా చేయకూడదు. మానసిక వైద్యుల తోడు తీసుకోవాలి.

## మామూలు జీవితంలోకి

ఎంత కాలం పడుతుంది?

నాకు మొదటి బకెట్ నుంచి నిశ్చింతగా ఇల్లు మారి సామాన్లు సర్దుకోగలిగినంత వరకు ఏడాదిన్నర పట్టింది. కొందరికి వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ. సాధారణంగా ముందు భయం తగ్గుతుంది, తర్వాత పనులు పెరుగుతాయి, నొప్పి అన్నిటికంటే వెనుక నడుస్తుంది. ఈ వరుస తెలియక, నొప్పి తగ్గలేదు కాబట్టి ఏమీ మారలేదని చాలామంది అనుకుంటారు.

ఇంట్లోవాళ్లు నన్ను ఏ పనీ చేయనివ్వడం లేదు. వాళ్లకు ఎలా చెప్పాలి?

వాళ్లది ప్రేమే. కానీ మీరు వంగబోయేసరికి "ఆగు, ఆగు, నేను తీస్తాను" అని ఎవరైనా పరుగెత్తుకొస్తే, ఆ కంగారు మీ మెదడుకు మరో హెచ్చరికగా చేరుతుంది. ఒకరోజు అందరినీ కూర్చోబెట్టి, వైద్యులు ప్రమాదం లేదన్న సంగతి చెప్పి, మూడు కోరికలు కోరండి: అడిగితే తప్ప సాయం చేయవద్దు, రోజూ "నొప్పి ఎలా ఉంది" అని కాకుండా "ఈ రోజు ఏం చేశావు" అని అడగండి, నేను మొహం చిట్లించినా కంగారుపడకండి. వీలైతే మిమ్మల్ని పరీక్షించే డాక్టరు దగ్గరికి వాళ్లలో ఒకరిని వెంట తీసుకువెళ్లండి. ఆ మాట నేరుగా వింటే వాళ్ల గుండె కూడా కుదుటపడుతుంది.

పూర్తిగా తగ్గాక మళ్లీ వస్తే అంతా వృథా అయినట్టేనా?

కాదు. భయం తగ్గినప్పుడు పాత జ్ఞాపకం చెరిగిపోదనీ, దాని పక్కన కొత్త జ్ఞాపకం చేరుతుందనీ మిషెల్ క్రాస్కే వంటి పరిశోధకులు వివరించారు. నిద్ర కరువైనప్పుడు, ఇంట్లో కష్టం వచ్చినప్పుడు, జ్వరపడి లేచినప్పుడు పాతది కొంతసేపు పైకి రావచ్చు. అప్పుడు కొత్తగా పరిశోధన మొదలుపెట్టనవసరం లేదు. మీ పాత పుస్తకం తెరిచి, మొదటిసారి ఏమని జోస్యం రాసుకున్నారో, తర్వాత నిజంగా ఏం జరిగిందో చదవండి. అదే రోజు పట్టికలోని ఒక మధ్యస్థమైన పనిని చేయండి. రెండోసారి వచ్చినది సాధారణంగా మొదటిసారి కంటే త్వరగా వెళ్లిపోతుంది.

ఈ పట్టిక, పుస్తకం జీవితాంతం రాస్తూ ఉండాలా?

అవసరం లేదు. పనులు చేయడానికి పట్టిక వైపు చూడడం మరచిపోతున్నారంటే అది దాని పని అది చేసింది. నేను చివరగా రాసింది ఒక గురువారం నాడు; ఆ తర్వాతి పేజీలు ఖాళీగా ఉన్నాయి, వాటిలో ఇప్పుడు పిల్లలు బొమ్మలు గీసుకుంటున్నారు. పుస్తకాన్ని మాత్రం పారేయకుండా, చేతికి అందే చోట ఉంచుకోండి.